ఉద్యోగం ఉంది, పోస్టు లేదు: స్థానిక పాలనలో ‘సర్దుబాటు’ ఉద్యోగులు తెలుసుకోవాల్సిన చరిత్ర, చట్టం

2020 సెప్టెంబర్ 7న తెలంగాణలోని గ్రామ రెవెన్యూ అధికారులందరికీ ఒకే ఆదేశం అందింది. తమ దగ్గరున్న రికార్డులన్నీ ఆ మధ్యాహ్నానికల్లా తహసీల్దార్ కార్యాలయంలో అప్పగించాలని దాని సారాంశం. కొద్ది రోజుల్లోనే వీఆర్వో పోస్టుల రద్దు బిల్లును శాసనసభ ఆమోదించింది. అప్పటిదాకా ఊరి భూమి లెక్క చూసిన 5,000 మందికి పైగా ఉద్యోగులు ఇక తాము ఏ శాఖ వాళ్లమో తెలియకుండా దాదాపు రెండేళ్లు గడిపారు. వాళ్లలో ఎవరినీ డిస్మిస్ చేయలేదు, ఎవరికీ చార్జిషీటు ఇవ్వలేదు, జీతం కూడా ఆగలేదు. కానీ వాళ్లకు పోస్టు లేదు, జాబ్ చార్ట్ లేదు, పదోన్నతికి దారి లేదు.

ఉద్యోగ భద్రత అనగానే మనకు డిస్మిసల్, సస్పెన్షన్ గుర్తొస్తాయి. సంఘాలు పోరాడేది కూడా ఎక్కువగా వాటి మీదే. ఉద్యోగిని తీసేయకుండానే తన స్థానం నుంచి తప్పించి, ఏళ్ల తరబడి వేరే పనిలో ఉంచే పద్ధతి గురించి మాట్లాడేది తక్కువ. ఆఫీసు భాషలో దీన్ని ‘సర్దుబాటు’ అంటారు. గ్రామ పంచాయతీ, మండలం, మున్సిపాలిటీ స్థాయిలో ఇది రోజువారీ వ్యవహారం. ఈ స్థాయిలో కింది ఉద్యోగాల్లో దళితులు ఎక్కువగా ఉన్నారు కాబట్టి దీని బరువు కూడా ఎక్కువగా వాళ్ల మీదే పడుతుంది. ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చింది, చట్టం ఎంతవరకు కాపాడుతుంది, ఎక్కడ వదిలేస్తుంది, ఉద్యోగి చేతిలో ఏ కాగితాలు ఉండాలి అన్నవి ఈ వ్యాసంలో చూద్దాం.

ఒకే పనికి ఎన్నో పేర్లు

ముందుగా మాటలు తేల్చుకోవాలి. ఉత్తర్వులో ఏ మాట రాశారన్న దాన్ని బట్టి హక్కు మారిపోతుంది.

బదిలీ అంటే అదే సర్వీసులో, అదే హోదాలో ఒక పోస్టు నుంచి ఇంకో పోస్టుకు వెళ్లడం. డిప్యుటేషన్ అంటే సొంత కేడర్ బయట లేదా సొంత శాఖ బయట, పరిమిత కాలానికి పనిచేయడం. పంజాబ్ రాష్ట్రం వర్సెస్ ఇందర్ సింగ్ కేసులో (1997) సుప్రీంకోర్టు డిప్యుటేషన్‌ను ఇలాగే వివరించింది. గడువు ముగిశాక మాతృశాఖకు తిరిగి రావడం అందులో భాగమే. ఫారిన్ సర్వీస్ అంటే విదేశీ ఉద్యోగం కాదు. ప్రభుత్వ ఖజానా నుంచి కాకుండా కార్పొరేషన్, మున్సిపాలిటీ వంటి వేరే సంస్థ నిధుల నుంచి జీతం తీసుకునే సర్వీసు అది.

వర్కింగ్ అరేంజ్‌మెంట్ అనేది వేరు. జీతం ఒక ఆఫీసులో, పని ఇంకో ఆఫీసులో. చాలాసార్లు గడువు రాయరు, కొన్నిసార్లు ఉత్తర్వే ఉండదు, ఫోన్‌లో చెప్పి పంపుతారు. ఇన్‌చార్జి, పూర్తి అదనపు బాధ్యతలు అన్నప్పుడు సొంత పోస్టు ఉంటుంది, దాని మీద ఇంకో పోస్టు పని పడుతుంది. విలీనం అంటే పాత సర్వీసు నుంచి కొత్త సర్వీసులోకి శాశ్వతంగా తీసుకోవడం.

వీటన్నిటి వెనక ఉన్న అసలు మాట ‘లియన్’. ఒక పోస్టుకు శాశ్వత ప్రాతిపదికన నియమితుడైన ఉద్యోగికి, తాను వేరే చోట పనిచేస్తున్నా ఆ పోస్టుకు తిరిగి వచ్చే హక్కు ఉంటుంది. అదే లియన్. ఇంకో పోస్టులో లియన్ రాకుండా ఉన్న లియన్‌ను రద్దు చేయకూడదని, ఉద్యోగి ఒప్పుకున్నా సరే చేయకూడదని ఫండమెంటల్ రూల్స్ చెబుతాయి. ఏళ్ల తరబడి సర్దుబాటులో ఉన్న ఉద్యోగి మొదట అడగాల్సిన ప్రశ్న ‘నా లియన్ ఎక్కడ ఉంది?’ అన్నదే.

వెట్టికి, ఉద్యోగానికి మధ్య తేడా

ఈ ప్రశ్న దళితులకు ఎందుకు అంత ముఖ్యమో తెలియాలంటే గ్రామ సేవకుల చరిత్ర చూడాలి. వెట్టి, నీరడి, తలారి, మస్కూరి, కావలికారు అనే పేర్లతో ఊరి ప్రభుత్వ పని చేసిన కుటుంబాలు తెలంగాణలో, ఆంధ్రలో తరతరాలుగా ఉన్నాయి. వెట్టి, నీరడి పనులు చాలా చోట్ల మాల, మాదిగ కుటుంబాల మీదే ఉండేవి. చాటింపు వేయడం, నోటీసులు మోయడం, చెరువు తూము చూడడం, అధికారి వస్తే మూట మోయడం, అనాథ శవం దొరికితే పంచనామా అయ్యేదాకా కాపలా ఉండడం వీళ్ల పనులే. పనికి హద్దు ఉండేది కాదు. యజమాని ఎవరో కూడా ఒక్కరని చెప్పడానికి లేదు. పటేల్, పట్వారీ, గిర్దావర్, పోలీసు, ఎవరు పిలిచినా వెళ్లాల్సిందే.

మహారాష్ట్రలో మహర్ వతన్‌ది కూడా ఇదే కథ. 1928 మార్చిలో డాక్టర్ అంబేడ్కర్ బొంబాయి శాసనమండలిలో 1874 నాటి వంశపారంపర్య పదవుల చట్టాన్ని సవరించే బిల్లు పెట్టారు. వతన్‌దారు మహర్‌ను ఏ శాఖ అధికారి అయినా, ఏ వేళలో అయినా పిలవవచ్చని, అతను లేకపోతే ఇంట్లో ఇంకొకరు వెళ్లాల్సి వస్తోందని ఆయన ఎత్తిచూపారు. ఇంత పనికి ప్రతిఫలం ఊరి రైతులు దయతలచి ఇచ్చే బలూతా, కొద్దిపాటి భూమి. పని ఏమిటో చట్టం తేల్చాలని, జీతం ఊరి వాళ్ల చేతి నుంచి కాకుండా ప్రభుత్వం నుంచి రావాలని ఆయన కోరారు. ఆ బిల్లు అప్పుడు నెగ్గలేదు. ఆ రకం కింది స్థాయి వతన్లను రద్దు చేసే చట్టం బొంబాయి రాష్ట్రంలో 1958లో గానీ రాలేదు.

ఆ డిమాండ్‌ను ఇవాళ్టి సర్వీసు రూల్స్ భాషలోకి మార్చి చూడండి. నిర్ణీతమైన పోస్టు, నిర్ణీతమైన విధులు, నియామక అధికారి ఎవరో తెలియడం, ఖజానా నుంచి జీతం. ఉద్యోగాన్ని వెట్టి నుంచి వేరు చేసేవి ఈ నాలుగే. ఉత్తర్వు లేకుండా, గడువు లేకుండా, విధులు రాయకుండా ఒక మనిషిని ఏళ్ల తరబడి ఇటూ అటూ తిప్పితే, జీతం ఒక్కటి మిగిలి తక్కిన మూడూ పోతాయి.

వంశపారంపర్య పదవుల మీద రాజ్యాంగం వచ్చాక మొదటి పెద్ద దెబ్బ పడింది కూడా తెలుగు నేల మీదే. గుంటూరు జిల్లాలో ఒక గ్రామ మునసబు పదవి గురించి గాజుల దశరథ రామారావు వేసిన కేసులో 1960 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. గ్రామ పదవి కూడా రాష్ట్ర ప్రభుత్వం కింది ఉద్యోగమేనని, వంశాన్ని బట్టి దాన్ని ఇవ్వడం 16వ అధికరణానికి విరుద్ధమని తేల్చింది. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి కరణం, మునసబు, పటేల్, పట్వారీ పోస్టులను రద్దు చేసింది. దాన్ని సవాలు చేసిన టి. వెంకటరెడ్డి కేసులో 1985లో సుప్రీంకోర్టు ప్రభుత్వాన్నే సమర్థించింది. అగ్రకులాల చేతిలో ఉన్న గ్రామాధికారం అలా కదిలింది. కింది సేవకుల పని మాత్రం ఆగలేదు. కాలక్రమంలో వాళ్లే గ్రామ రెవెన్యూ సహాయకులు, అంటే వీఆర్‌ఏలు అయ్యారు. పేరు మారినా చాలాకాలం వాళ్లకు దక్కింది పేస్కేలు కాదు, గౌరవ వేతనం. తెలంగాణలో 2017లో దాన్ని నెలకు రూ.10,500కు పెంచారు.

తెలంగాణ అనుభవం: 2020 నుంచి 2025 దాకా

వీఆర్వోల పోస్టులు రద్దయిన తర్వాత వాళ్లను ఇతర శాఖల్లోకి పంపే ఉత్తర్వు 2022 జులైలో వచ్చింది. జిల్లాల్లో లాటరీ తీసి ఎవరికి ఏ శాఖో తేల్చారు. భూమి రికార్డుల్లో పదిహేను, ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి ఏ శాఖకు వెళ్లాలన్నది ఒక చీటీ నిర్ణయించింది.

అదే నెల 25న వీఆర్‌ఏలు సమ్మెకు దిగారు. పేస్కేలు ఇస్తామని 2020లో శాసనసభలో ఇచ్చిన హామీని అమలు చేయాలన్నది వాళ్ల ప్రధాన డిమాండ్. సమ్మె దాదాపు 80 రోజులు సాగింది. 2023 జులైలో ప్రభుత్వం వీఆర్‌ఏ వ్యవస్థను రద్దు చేసి, వాళ్లను ఇతర శాఖల్లో క్రమబద్ధీకరిస్తామని ప్రకటించింది. ప్రభుత్వ లెక్క ప్రకారం మొత్తం 20,555 మంది. వారిలో 61 ఏళ్ల లోపు వారు 16,758 మంది, ఆ వయసు దాటినవారు 3,797 మంది. వయసు దాటిన వారి స్థానంలో వారసులకు అవకాశం ఇస్తామన్నారు. మిగతా వారిని చదువును బట్టి విభజించారు: పదో తరగతి వరకు చదివినవారు 10,317, ఇంటర్ 2,761, డిగ్రీ ఆపైన 3,680.

వీళ్ల కోసం మంజూరైన 14,954 కొత్త పోస్టుల పంపకం చూస్తే చాలా విషయాలు తెలుస్తాయి. రెవెన్యూ శాఖలో 2,451 జూనియర్ అసిస్టెంట్లు, 2,113 రికార్డ్ అసిస్టెంట్లు, 679 ఆఫీస్ సబార్డినేట్లు. మున్సిపల్ శాఖలో 1,266 వార్డు ఆఫీసర్లు. మిషన్ భగీరథలో 3,372 హెల్పర్లు. నీటిపారుదల శాఖలో 5,073 లస్కర్లు. అన్నిటికంటే పెద్ద వాటా లస్కర్లదే. కాలువ, తూము చూసుకునే పని అది. ఒకప్పుడు నీరడి చేసిన పనికి అది దూరమేమీ కాదు. తాత కులం పనిగా చేసినదాన్ని మనవడు స్కేలుతో, శాఖతో, సర్వీసు రిజిస్టరుతో చేస్తాడు. ఆ తేడా చిన్నది కాదు, వీఆర్‌ఏలు రోడ్డెక్కి సాధించుకున్నది దాన్నే. అయితే ఊరి రికార్డులు తెలిసిన మనిషిని వేరే శాఖలో అట్టడుగు పోస్టులో పెట్టినప్పుడు అక్కడి నుంచి పైకి దారి ఉందా అనే ప్రశ్న మిగిలే ఉంది.

2025లో ప్రభుత్వం మళ్లీ ఊరికి ఒక అధికారి కావాలంది. గ్రామ పాలనాధికారి పేరుతో 10,954 పోస్టులు మంజూరయ్యాయి. పూర్వపు వీఆర్వోలు, వీఆర్‌ఏల నుంచి దరఖాస్తులు తీసుకుని పరీక్ష పెట్టారు. సెప్టెంబర్ 5న దాదాపు 5,000 మందికి నియామక పత్రాలు ఇచ్చారు. ఐదేళ్లలో ఒకే మనిషి పోస్టు పోగొట్టుకుని, లాటరీలో వేరే శాఖకు వెళ్లి, పరీక్ష రాసి మళ్లీ ఊరికి వచ్చాడు. ఈ మూడు మజిలీల్లో అతని సీనియారిటీ ఏ తేదీ నుంచి లెక్కిస్తారన్న ప్రశ్న జీవితాంతం వెంటాడుతుంది. పదోన్నతి, ఇంక్రిమెంటు, పెన్షన్ అన్నీ దాని మీదే ఆధారపడతాయి.

ఆంధ్రప్రదేశ్‌లో దారి వేరు. 2019 అక్టోబర్ 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాల్లో లక్షకు పైగా ఉద్యోగాలు ఒక్కసారిగా వచ్చాయి. 2025లో సచివాలయాలను జనాభాను బట్టి మూడు వర్గాలుగా విభజించి సిబ్బందిని హేతుబద్ధీకరించే పని చేపట్టారు. అక్కడి ఉద్యోగులకు కూడా రేపు ఇవే ప్రశ్నలు ఎదురవుతాయి.

రాజ్యాంగం ఎంతవరకు కాపాడుతుంది

రాజ్యాంగం 311వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగికి రెండు రక్షణలు ఇస్తుంది. నియామక అధికారి కంటే కింది స్థాయి వారు డిస్మిస్ చేయకూడదు. ఆరోపణలు తెలిపి, విచారణ జరిపి, చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా డిస్మిస్ చేయడం, తొలగించడం, హోదా తగ్గించడం కుదరదు. తీసేయడం గురించి, దించేయడం గురించి ఇంత గట్టిగా మాట్లాడిన అధికరణం పక్కకు జరపడం గురించి ఏమీ చెప్పదు.

పోస్టునే రద్దు చేస్తే? అది శిక్ష కాదని, 311 వర్తించదని సుప్రీంకోర్టు 1973లో కేరళకు చెందిన రామనాథ పిళ్లై కేసులో చెప్పింది. తమిళనాడు గ్రామాధికారుల పోస్టుల రద్దుపై కె. రాజేంద్రన్ కేసులో (1982) కూడా అదే మాట నిలబడింది. కాకపోతే రద్దు సద్బుద్ధితో జరగాలి, ఒక మనిషిని వదిలించుకోవడానికి వేసిన ముసుగు కాకూడదు. కరణాల అధికారాన్ని తొలగించడానికి ఉపయోగపడిన సూత్రమే 2020లో ఊరి ఉద్యోగుల మీద పనిచేసింది. కాబట్టి పోస్టు రద్దును కోర్టులో ఆపడం కష్టం. రద్దు తర్వాత ఎక్కడ, ఏ హోదాలో, ఏ సీనియారిటీతో పెడతారన్న దాని మీద పోరాడేందుకే ఎక్కువ చోటు ఉంది.

ఇంకో చిక్కు ఉంది. 311 ‘సివిల్ పోస్టు’లో ఉన్న ప్రభుత్వ ఉద్యోగికే వర్తిస్తుంది. పంచాయతీ కార్యదర్శి ప్రభుత్వ ఉద్యోగి. పంచాయతీ తనంత తాను పెట్టుకున్న మల్టీపర్పస్ వర్కర్ పరిస్థితి వేరు. గుజరాత్‌లో ఈ వివాదమే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మున్సిపాలిటీల నుంచి పంచాయతీల్లోకి వచ్చిన స్థానిక కేడర్ ఉద్యోగులు తమకూ ప్రభుత్వ ఉద్యోగుల హక్కులు కావాలన్నారు. హైకోర్టులో గెలిచారు. ప్రభుత్వం 1978లో వెనకటి తేదీతో చట్టం సవరించి వాళ్ల హోదాను తీసేసింది. 1983లో రమణ్‌లాల్ కేశవ్‌లాల్ సోనీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణను కొట్టేసింది. పంచాయతీ సర్వీసు సభ్యులు ప్రభుత్వ ఉద్యోగులేనని, అప్పటికే వచ్చిన హోదాను వెనకటి తేదీతో లాక్కోలేరని చెప్పింది. స్థానిక సంస్థల్లో సంఘాలు కట్టేవాళ్లు తప్పక చదవాల్సిన తీర్పు ఇది.

బదిలీ విషయంలో కోర్టులు సాధారణంగా జోక్యం చేసుకోవు. బదిలీ సర్వీసులో భాగమని, వినతిపత్రం ఇచ్చాను కదా అని కొత్త చోట చేరకుండా ఉండకూడదని 1989లో గుజరాత్ విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చేరాలి, లేదా స్టే తెచ్చుకోవాలి. అదే కోర్టు సోమేశ్ తివారీ కేసులో (2009) శిక్షకు బదులుగా చేసిన బదిలీ చెల్లదంది. ఆకాశరామన్న ఫిర్యాదు ఆధారంగా, పరిపాలనా కారణం అనే పేరుతో చేసిన బదిలీ అది. దళిత ఉద్యోగిని ఎవరి ఫిర్యాదు మీదో రాత్రికి రాత్రి కదిలించిన సందర్భాల్లో ఈ తీర్పు అక్కరకొస్తుంది.

నోటి మాటతో పంపించడం గురించి టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసు (2013) గుర్తుంచుకోవాలి. మౌఖిక ఆదేశాల మీద అధికారులు పనిచేయకూడదని, అవి రాతపూర్వకంగా నమోదు కావాలని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. ఆ కేసు పై స్థాయి సివిల్ సర్వీసుల చుట్టూ నడిచినా, ఫోన్‌లో చెప్పి పంపే పద్ధతిని ప్రశ్నించేటప్పుడు కింది స్థాయి ఉద్యోగి కూడా దాన్ని చూపవచ్చు.

డిప్యుటేషన్ పొడిగిన కొద్దీ పోయేవి

డిప్యుటేషన్‌కు ఉద్యోగి సమ్మతి అవసరమని ఉమాపతి చౌదరి కేసు (1999) చెబుతుంది. ఒక యజమాని కింద ఉన్న ఉద్యోగిని అతని సమ్మతి లేకుండా ఇంకో యజమానికి శాశ్వతంగా అప్పగించడం కుదరదని జేఎన్‌యూ వర్సెస్ జవాత్కర్ కేసు (1989) తేల్చింది. ఇష్టం లేకుండా ఫారిన్ సర్వీస్‌కు పంపకూడదని ఫండమెంటల్ రూల్ 110 అంటుంది. కానీ కేంద్ర నిబంధనల్లో ప్రభుత్వ యాజమాన్యంలోని, ప్రభుత్వ నియంత్రణలోని సంస్థలకు ఇందులో మినహాయింపు ఉంది. మీ రాష్ట్ర రూల్‌లో ఆ మినహాయింపు ఎలా ఉందో చూసుకోవాలి.

ఎంతకాలం పనిచేసినా డిప్యుటేషన్ చోటు మనది కాదు. అక్కడే ఉంచమని, అక్కడే విలీనం చేయమని అడిగే హక్కు దానంతట అది రాదని కునాల్ నందా కేసులో (2000) కోర్టు చెప్పింది. పదేళ్లుగా మున్సిపల్ ఆఫీసులో పనిచేస్తున్నాను కాబట్టి నా పోస్టు ఇక్కడిదే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

అంతకంటే ప్రమాదకరమైన రూల్ ఒకటి ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో సవరించిన ఫండమెంటల్ రూల్ 18 ప్రకారం మూడు సందర్భాల్లో ఉద్యోగి రాజీనామా చేసినట్టే భావిస్తారు. అనుమతి లేకుండా ఏడాదికి మించి గైర్హాజరు కావడం, సెలవు ఉన్నా లేకున్నా వరుసగా ఐదేళ్లకు మించి విధులకు రాకపోవడం, ప్రభుత్వం ఆమోదించిన గడువు దాటి ఫారిన్ సర్వీస్‌లో కొనసాగడం. ముందుగా సంజాయిషీకి అవకాశం ఇవ్వాలి, నిజమే. కానీ పొడిగింపు ఉత్తర్వు తేవడం ఆఫీసు పనే కదా అని ఊరుకున్న ఉద్యోగి, రోజూ పనిచేస్తూ కూడా ఈ మూడో సందర్భంలో చిక్కుకోవచ్చు.

సీనియారిటీ విషయంలో ఒక్క మాట తేడా తెస్తుంది. 1996 నాటి స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ రూల్స్‌లోని 35వ రూల్ ప్రకారం, పరిపాలనా కారణాలతో ఒక యూనిట్ నుంచి ఇంకో యూనిట్‌కు పంపితే పాత యూనిట్‌లో మొదట నియమితుడైన తేదీ నుంచే సీనియారిటీ లెక్కిస్తారు. ఉద్యోగి కోరిక మీద పంపితే కొత్త యూనిట్‌లో చేరిన తేదీ నుంచే లెక్క మొదలవుతుంది. ఒక ఉదాహరణ ఊహించుకుందాం. పన్నెండేళ్ల సర్వీసు ఉన్న ఉద్యోగిని ఆఫీసు తన అవసరం కోసమే పంపుతోంది. పని త్వరగా అవుతుందని చెప్పి అతనితో ఒక ‘రిక్వెస్ట్ లెటర్’ రాయించుకుంది. ఉత్తర్వులో ‘కోరిక మేరకు’ అనే మాట చేరింది. ఆ సంతకంతో పన్నెండేళ్ల సీనియారిటీ పోతుంది. డిప్యుటేషన్ మీద వెళ్లి అక్కడే విలీనమైన వారికి, సమాన హోదా పోస్టులో చేసిన పాత సర్వీసు లెక్కించాలని ఎస్.ఐ. రూప్‌లాల్ కేసులో (1999) సుప్రీంకోర్టు చెప్పిన మాట కూడా గుర్తుంచుకోవాలి.

కులం దగ్గరికి వచ్చేసరికి

రూల్స్ అందరికీ ఒకటే. సర్దుబాటు అందరికీ ఒకేలా జరగదు. డబ్బు, నిర్ణయం ఉండే సీటు నుంచి తప్పించి, టపా సెక్షన్‌లోనో స్టోర్‌లోనో కూర్చోబెట్టడం, ఆఫీస్ సబార్డినేట్‌ను అధికారి ఇంటి పనికి పంపడం, ఏ పోస్టులో ఉన్నా దళిత ఉద్యోగికే శుభ్రం చేసే పని చెప్పడం, ఇవన్నీ ‘పరిపాలనా సౌలభ్యం’ కింద వెళ్లిపోతాయి. ఉత్తర్వులో కులం మాట ఉండదు కాబట్టి నిరూపించడం కష్టం. అందుకే వరసను నమోదు చేయాలి. ఒకే ఆఫీసులో ఐదేళ్లలో ఎవరెవరిని కదిలించారు, వారి స్థానంలో ఎవరు వచ్చారు అన్న జాబితా ఒక్కో ఉత్తర్వు కంటే ఎక్కువ చెబుతుంది.

ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల పట్ల సామాజిక మూలాన్ని బట్టి వివక్ష చూపే ఏ చర్యకూ అధికారులు పాల్పడకూడదని కేంద్ర సిబ్బంది శాఖ 1985 జూన్‌లోనే ఆదేశించింది. అత్యాచారాల నిరోధక చట్టంలో 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలు ఇక్కడ ఉపయోగపడతాయి. వెట్టి చేయించడం సెక్షన్ 3(1)(హెచ్) కింద నేరం. పంచాయతీ, మున్సిపాలిటీ సభ్యులు, అధ్యక్షులు, ‘మరే ఇతర పదవిలో’ ఉన్న ఎస్సీ, ఎస్టీలను విధులు నిర్వహించకుండా అడ్డుకోవడం 3(1)(ఎం) కింద నేరం. ఈ సెక్షన్ ప్రధానంగా సర్పంచులు, వార్డు సభ్యుల కోసం వచ్చింది. ‘ఇతర పదవి’ అన్న మాటలోకి ఉద్యోగులు కూడా వస్తారని వాదించే చోటు ఉంది, అది కోర్టులో నిలబెట్టుకోవాల్సిన వాదన.

జాతీయ ఎస్సీ కమిషన్‌కు 338వ అధికరణం కింద ఫిర్యాదుపై విచారణ జరిపే అధికారం, అధికారులను పిలిపించి రికార్డులు తెప్పించే సివిల్ కోర్టు అధికారాలు ఉన్నాయి. కానీ కమిషన్ స్టే ఇవ్వలేదు. 1996లో ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్ ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల సంఘం కేసులో సుప్రీంకోర్టు ఈ హద్దు గీసింది. రికార్డులు బయటికి రావడానికి కమిషన్, ఉత్తర్వు ఆగడానికి హైకోర్టు అని గుర్తుపెట్టుకోవాలి. రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునల్ ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ లేదు.

పోస్టే లేని వాళ్లు

పారిశుధ్య కార్మికులను మరిచిపోతే ఈ చర్చ సగమే. మున్సిపాలిటీల్లో చెత్త ఎత్తే, కాలువ తీసే చేతుల్లో అత్యధికం దళితులవే. వాళ్లలో చాలామందికి లియన్ కాదు కదా, నియామక పత్రం కూడా ఉండదు. ఏజెన్సీ మారినప్పుడల్లా యజమాని మారతాడు. 2006 నాటి ఉమాదేవి తీర్పు పేరు చెప్పి రెండు దశాబ్దాలుగా వాళ్లను బయటే ఉంచారు. 2025 జనవరిలో ఘజియాబాద్ నగర పాలక సంస్థ తోటమాలీల కేసులో (శ్రీపాల్ కేసు) సుప్రీంకోర్టు, ఏళ్ల తరబడి చేయించుకున్న శాశ్వత స్వభావం గల పనిని తాత్కాలికమనడానికి ఉమాదేవి తీర్పును కవచంగా వాడుకోకూడదని చెప్పి, వాళ్లను తిరిగి తీసుకోవాలని ఆదేశించింది. మస్టర్, ఈఎస్‌ఐ, పీఎఫ్ నంబరు, హాజరు ఫొటోలు, జీతం పడిన బ్యాంకు ఖాతా, ఇవే వాళ్ల సర్వీసు రిజిస్టర్.

చేతిలో ఉండాల్సినవి

సర్దుబాటులో ఉన్న ఉద్యోగి, అతనికి తోడుండే సంఘం ఈ పనులు చేయాలి.

1. రాతపూర్వక ఉత్తర్వు అడగండి. నోటి మాటతో పంపితే, చేరిన రోజే ‘మీ మౌఖిక ఆదేశం మేరకు చేరాను’ అని లేఖ ఇచ్చి రసీదు తీసుకోండి.

2. ఉత్తర్వులో గడువు, పోస్టు పేరు, జీతం ఎక్కడి నుంచో ఉందో లేదో చూడండి. గడువు దగ్గర పడగానే పొడిగింపు గానీ రిలీవ్ గానీ చేయమని రాయండి.

3. మీరు అడగని బదిలీకి రిక్వెస్ట్ లెటర్ మీద సంతకం పెట్టకండి.

4. ఏటా ఒకసారి సర్వీసు రిజిస్టర్ చూసి సంతకం చేయండి, నకలు ఉంచుకోండి. లియన్, ఇంక్రిమెంట్లు, సర్వీస్ వెరిఫికేషన్ ఎంట్రీలు అందులో ఉండాలి.

5. పోస్టింగ్ ఇవ్వకుండా వెయిటింగ్‌లో పెడితే, ఆ కాలాన్ని ఫండమెంటల్ రూల్ 9(6) కింద డ్యూటీగా పరిగణిస్తూ ఉత్తర్వు తెచ్చుకోండి. లేకపోతే ఆ నెలలు సర్వీసులో ఖాళీగా మిగులుతాయి.

6. అదనపు బాధ్యతలు ఇస్తే ఫండమెంటల్ రూల్ 49 కింద భత్యం అడగండి. అది పరిమిత కాలానికే వస్తుంది, నోటి మాట మీద అసలు రాదు.

7. తాత్కాలిక సీనియారిటీ జాబితా వచ్చినప్పుడు మాతృశాఖ నోటీసు బోర్డు చూడండి. అభ్యంతరం గడువు దాటాక పదేళ్లకు కోర్టుకు వెళితే ఆలస్యమైందని తోసిపుచ్చుతారు.

8. సమాచార హక్కు కింద మీ పోస్టు మంజూరు ఉత్తర్వు, అందులో ఇప్పుడు ఎవరున్నారు, ఆఫీసులోని డిప్యుటేషన్ల జాబితా అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి.

విద్యార్థులకు కూడా ఇక్కడ పని ఉంది. ఏ జిల్లాలోనైనా పూర్వపు వీఆర్‌ఏలు ఇవాళ ఏ శాఖలో, ఏ పోస్టులో ఉన్నారు, వాళ్ల కులం ఏమిటి, ఎంతమందికి పదోన్నతి వచ్చింది అన్న లెక్క ఊరూరా తీయవచ్చు. మంజూరైన పోస్టుల లెక్క ప్రభుత్వం దగ్గర ఉంది. ఆ పోస్టుల్లోకి వెళ్లిన మనుషులకు ఏమైందో రాయాల్సింది మనమే. లస్కర్‌గా చేరిన నీరడి మనవడు పదేళ్ల తర్వాత కూడా లస్కర్‌గానే ఉన్నాడా, వర్క్ ఇన్‌స్పెక్టర్ అయ్యాడా అన్నది చూస్తే, 2023లో అతనికి దక్కింది ఉద్యోగమో, కొత్త పేరుతో పాత పనో తేలిపోతుంది.